చెప్పకుండా ఆగే ఇంజిన్: పెట్రోలా, కరెంటా, కంప్యూటరా?

వాహన మరమ్మతుల్లో అన్నిటికన్నా మొండి సమస్య ఏదని ఏ మెకానిక్‌ని అడిగినా దాదాపు ఒకే జవాబు వస్తుంది. నడుస్తూ నడుస్తూ ఇంజిన్ ఆగిపోవడం, కాసేపటికి ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవడం. ముందు మిస్సింగ్ కొట్టదు, పొగ రాదు, డాష్‌బోర్డు మీద లైటు వెలగదు. షెడ్డుకు తీసుకెళ్తే గంటసేపు ఆన్‌లో ఉంచినా ఆగదు. పూర్తిగా పాడైన భాగాన్ని పట్టుకోవడం తేలిక. అప్పుడప్పుడు పాడయ్యే భాగం పరీక్ష చేసే వేళకు బాగుంటుంది. అందుకే ఈ ఒక్క రుగ్మత చుట్టూ మెకానిక్కులు, కంపెనీలు, కోర్టులు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు.

ఊళ్ళో బండి ఆగితే నలుగురూ తోసి పక్కన పెడతారు. పార్వతీపురం మన్యంలో లెక్క వేరు. కురుపాం దాటి గుమ్మలక్ష్మీపురం, ఎల్విన్‌పేట, భద్రగిరి వైపు వెళ్ళి, అక్కడి నుంచి కొండ మీది సవర, జాతాపు గూడేలకు ఎక్కే దారుల్లో మలుపు మీద ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది. బ్రేకు ఒకటి రెండు తొక్కుల వరకే మామూలుగా పడుతుంది. ఆ తర్వాత బూస్టర్‌లో ఉన్న వాక్యూమ్ అయిపోయి, రెండు కాళ్ళతో తొక్కాల్సినంత గట్టిపడుతుంది. వెనక్కి జారకుండా టైరు కింద రాయి పెట్టేందుకు ఒక మనిషి దిగాలి. కొన్నేళ్ళుగా కురుపాం, కొమరాడ, జియ్యమ్మవలస మండలాల్లో ఏనుగుల గుంపు తిరుగుతోంది కాబట్టి రాత్రిపూట ఆ దిగడం కూడా భయమే. బండిలో ఉన్నది సంతకు వెళ్ళే జీడిపిక్కలైతే ఒక నష్టం, నొప్పులు పడుతున్న మనిషి అయితే ఇంకొకటి. ఇంజిన్ హఠాత్తుగా ఆగడాన్ని చిన్న అసౌకర్యంగా చూడాలా, ప్రాణాపాయంగా చూడాలా అన్న ప్రశ్న ఇక్కడ కాగితాల మీది చర్చ కాదు.

రెండే ప్రశ్నల కాలం

కార్బురేటరు, కాంటాక్ట్ పాయింట్ల రోజుల్లో వాదం సూటిగా ఉండేది. పెట్రోలు అందడం లేదా, కరెంటు అందడం లేదా? అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లను బాగుచేసిన తరం మొత్తం ఈ రెండు ప్రశ్నల మీదే పెరిగింది. ప్లగ్గు ఊడదీసి ఇంజిన్‌కు ఆనించి సెల్ఫ్ కొట్టి, నీలం నిప్పురవ్వ వస్తే దోషం పెట్రోలుది. రాకపోతే కాయిల్, కండెన్సర్, పాయింట్లు.

ఈ పద్ధతి బలం దాని వేగం. ఎండాకాలంలో వేడెక్కిన ఇంజిన్ పక్కనే బిగించిన పెట్రోలు పంపులో ఇంధనం ఆవిరై సరఫరా తెగిపోయేది. పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే బండి కదిలేది. వేడికి కండెన్సర్ లోపలే తెగి, చల్లబడ్డాక కలుసుకునేది. అన్నిటికంటే చిత్రమైనది ట్యాంకు మూత. మూతలోని సన్నని గాలి రంధ్రం దుమ్ముతో పూడుకుపోతే, పెట్రోలు ఖాళీ అయిన మేర లోపలికి గాలి రాదు. కొన్ని కిలోమీటర్ల తర్వాత ట్యాంకులో ఏర్పడ్డ శూన్యం పంపునే ఓడిస్తుంది. మూత తిప్పగానే గాలి బుస్సుమని లోపలికి పోతుంది, బండి స్టార్టవుతుంది. ఆ బుస్సు వినని మెకానిక్ కార్బురేటర్ మొత్తం విప్పి, కడిగి, బిగించి పంపేవాడు. మరో రెండు రోజులకు బండి మళ్ళీ ఆగేది.

డీజిల్ జీపులది వేరే దారి. ఏజెన్సీ దారుల్లో ఏళ్ళ తరబడి జనాన్ని మోసిన మహీంద్రా కమాండర్ లాంటి బళ్ళలో ఇంధన పంపు పూర్తిగా యాంత్రికం. ఒకసారి ఇంజిన్ అందుకుందంటే, ఇంధనాన్ని ఆపే సోలెనాయిడ్ ఉన్న బళ్ళలో దానికి తప్ప, నడవడానికి కరెంటుతో పని లేదు. కాబట్టి అక్కడ అనుమానం ముందు గాలి మీదికే పోతుంది. రబ్బరు పైపులో వెంట్రుకంత చీలిక ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి చేరుతుంది. ఫిల్టరు మీది స్క్రూ వదులుచేసి చేతి పంపు కొడితే మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆఖరికి బుడగ లేని డీజిల్ సన్నని ధారగా కారుతుంది. స్క్రూ బిగిస్తే బండి సిద్ధం. అయితే ఎయిర్ తీయడం వైద్యమే కాని రోగ నిర్ధారణ కాదు. గాలి ఎక్కడి నుంచి చొరబడిందో తేల్చకపోతే మరుసటి ఎక్కుడులోనూ అదే జరుగుతుంది. ట్యాంకులో డీజిల్ తక్కువగా ఉండి బండి నిట్టనిలువు ఎక్కేటప్పుడు పీల్చే పైపు మొన తేలిపోయి గాలి పట్టడం కొండ దారులకే ప్రత్యేకమైన మరో కారణం.

ఒకే తీగ రెంటినీ ఆపుతున్నప్పుడు

మారుతి 800లో 2000 ప్రాంతంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఆ దశకంలో దేశంలోని కొత్త పెట్రోలు కార్లు దాదాపు అన్నీ కంప్యూటర్ చేతికి వెళ్ళిపోయాయి. అప్పటి నుంచి పాత రెండు ప్రశ్నలు తడబడటం మొదలుపెట్టాయి. చాలా బళ్ళలో ఫ్లైవీల్ పళ్ళ దగ్గర కూర్చునే క్రాంక్ సెన్సర్ ఇంజిన్ ఎంత వేగంగా, ఏ స్థానంలో తిరుగుతోందో కంప్యూటర్‌కు చెబుతుంది. ఆ సంకేతం ఒక్క క్షణం తెగితే, ఇంజిన్ తిరగడం లేదనుకుని కంప్యూటర్ నిప్పురవ్వనూ పెట్రోలునూ ఒకేసారి ఆపేస్తుంది. పెట్రోలా, కరెంటా అంటే రెండూ పోయాయి, కాని దోషం రెండింటిదీ కాదు. మెయిన్ రిలే, ఇగ్నిషన్ స్విచ్, ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఎర్త్ తీగ కూడా ఇలాగే రెంటినీ కలిపి చంపుతాయి.

క్రాంక్ సెన్సర్ ఈ చర్చలో ఇంతగా నలగడానికి కారణం దాని స్వభావం. వేడికి లోపలి చుట్టలో సన్నని తీగ విడిపోతుంది. చల్లబడగానే అతుక్కుంటుంది. మెకానిక్ వచ్చి మీటరు పెట్టే వేళకు రీడింగు సరిగ్గా ఉంటుంది.

భారత్‌లో కార్లకు ఆన్‌బోర్డ్ డయాగ్నస్టిక్స్ (ఓబీడీ) మొదటి దశ 2010 ఏప్రిల్‌లో, రెండో దశ 2013 ఏప్రిల్‌లో వచ్చాయి. దాంతో స్కానర్ వర్గం పుట్టింది. స్టీరింగు కింది సాకెట్‌లో స్కానర్ గుచ్చితే పి0335 అని వస్తుంది. అంటే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్. పి0087 అంటే ఇంజెక్టర్లకు ఇంధనం పంచే గొట్టం, అంటే రెయిల్‌లో పీడనం చాలడం లేదు. పెద్ద ఊళ్ళ షెడ్లలో ఇప్పుడు మొదటి మాటే "స్కానర్ పెట్టావా?"

ఈ వర్గం సాధించినది తక్కువ కాదు. లోపం నమోదైన క్షణంలో వేగం, ఉష్ణోగ్రత, లోడ్ ఎంతున్నాయో కంప్యూటర్ దాచిపెట్టుకోవడం పాత తరానికి ఊహకందని సౌకర్యం. కాని కోడ్ సర్క్యూట్ పేరు చెబుతుంది, పాడైన భాగం పేరు చెప్పదు. పి0335 వచ్చిందని సెన్సర్ కొని వేస్తే, అసలు దోషం ఎలుక కొరికిన తీగలోనో, పచ్చబారిన కనెక్టర్‌లోనో ఉండొచ్చు. పైగా ఎన్నో లోపాలకు వరసగా రెండు ప్రయాణాల్లో కనబడితేనే లైటు వెలుగుతుంది. నెలకోసారి అరక్షణం తెగే తీగ ఏ కోడూ మిగల్చకుండా పోవచ్చు. "కోడ్ లేదు కాబట్టి లోపం లేదు" అని కస్టమర్‌ను పంపించేయడం స్కానర్ తెచ్చిపెట్టిన కొత్త తప్పు. పాత మెకానిక్ కనీసం "దొరకలేదు" అనేవాడు.

మార్చి చూద్దాం

మూడో వర్గానికి సిద్ధాంతం లేదు, అలవాటు ఉంది. అనుమానం ఉన్న భాగాన్ని మార్చి పంపడం. పంపు, ప్లగ్గులు, కాయిల్, సెన్సర్, ఆఖరికి ఇంజిన్ కంప్యూటర్ (ఇ.సి.యు.). దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. పార్వతీపురం నుంచి వచ్చిన మెకానిక్ మళ్ళీ మళ్ళీ కొండ ఎక్కలేడు. క్రాంక్ సెన్సర్ లాంటి చవక భాగాన్ని ముందుజాగ్రత్తగా మార్చడం కొన్నిసార్లు తెలివైన పనే. సమస్య ఏమిటంటే, ఆ తర్వాత పది రోజులు బండి ఆగకపోతే అది మరమ్మతు ఫలితమో, రోగం సహజంగా ఇచ్చిన విరామమో చెప్పే మార్గం లేదు.

భాగం మార్చిన సంగతి రికార్డుకెక్కకపోతే అది ఎంత దూరం దారి తప్పించగలదో జనరల్ మోటార్స్ ఉదంతం చూపింది. షెవర్లే కోబాల్ట్ వంటి కార్లలో ఇగ్నిషన్ స్విచ్ మరీ వదులుగా ఉండేది. బరువైన తాళాల గుత్తి ఊగినా, మోకాలు తగిలినా తాళం రన్ నుంచి వెనక్కి జారి, నడుస్తున్న ఇంజిన్ ఆగిపోయేది. స్టీరింగ్, బ్రేకు సాయం పోవడమే కాదు, ఎయిర్‌బ్యాగులు కూడా తెరుచుకునేవి కావు. 2006లో స్విచ్‌ను గట్టిపరిచే మార్పు ఆమోదం పొందింది గాని పార్ట్ నంబరు మార్చలేదు. దాంతో పాతదీ కొత్తదీ ఒకే నంబరుతో తిరిగాయి. కొన్ని సంవత్సరాల కార్లలో ప్రమాదాలు, తర్వాతి వాటిలో లేవు, భాగం మాత్రం కాగితం మీద ఒకటే. పరిశోధకులకు ఏళ్ళ తరబడి అంతు చిక్కలేదు. 2014లో ఈ స్విచ్ కోసం ప్రపంచవ్యాప్తంగా సుమారు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. పరిహార నిధి 124 మరణాలను ఈ లోపంతో ముడిపెట్టి గుర్తించింది.

ఆ ఏడాది కంపెనీ స్వయంగా చేయించిన విచారణలో బయటపడిన ఒక విషయం ఈ సమీక్షకు గుండెకాయ. నడుస్తుండగా ఇంజిన్ ఆగడాన్ని వాళ్ళు భద్రతా సమస్యగా కాక, "కస్టమర్ సౌకర్యం" పద్దు కింద వేసుకున్నారు. ఆ పద్దు మారి ఉంటే మిగతా కథ వేరేగా ఉండేది.

అంతకుముందు ఇలాంటి కథే ఫోర్డ్‌ది. 1980లలో ఆ సంస్థ ఇగ్నిషన్ మాడ్యూల్‌ను వేడెక్కే డిస్ట్రిబ్యూటర్ మీదే బిగించింది. వేడికి మాడ్యూల్ పనిమానేది, ఇంజిన్ ఆగేది, చల్లారితే మళ్ళీ పనిచేసేది. షోరూముకు చేరేసరికి కారు బాగుండేది. 2000 అక్టోబరులో కాలిఫోర్నియా న్యాయమూర్తి మైకేల్ బాలచీ ఆ రాష్ట్రంలోని సుమారు 17 లక్షల వాహనాలను వెనక్కి పిలవాలని ఆదేశించారు. మరుసటి ఏడు అది రాజీతో ముగిసింది.

లోపం బండిదా, బ్యాచ్‌దా?

ఈ ఉదంతాల నుంచి నాలుగో వాదం బలపడింది. ఒక్కో బండిని ఒక్కో మెకానిక్ విప్పి చూస్తే కనిపించనిది, వేల బళ్ళ ఫిర్యాదులను పక్కపక్కన పేర్చితే కనిపిస్తుంది. ఇంధన పంపుల కథ దీనికి సాక్ష్యం. 2020లో టయోటా, డెన్సో తయారీ పంపుల కోసం లక్షల కార్లను రీకాల్ చేసింది. పంపు లోపలి ప్లాస్టిక్ ఇంపెల్లర్ సాంద్రత తక్కువై, పెట్రోలు పీల్చుకుని ఉబ్బి గోడకు రాసుకోవడం కారణం.

మన దేశంలోనూ వరస చూడండి. హోండా కార్స్ ఇండియా 2020 జూన్‌లో 65,651 కార్లను, 2021 ఏప్రిల్‌లో 77,954 కార్లను, 2024 అక్టోబరులో 90,468 కార్లను ఇంధన పంపు కోసమే పిలిచింది. ఇంపెల్లర్ లోపం వల్ల ఇంజిన్ ఆగిపోవచ్చు లేదా స్టార్ట్ కాకపోవచ్చు అన్నది చెప్పిన కారణం. మారుతి సుజుకి 2020 జులైలో వాగనార్, బాలెనో కలిపి 1,34,885 కార్లను, 2024 మార్చిలో 16,041 కార్లను అలాగే పిలిచింది. ఈ కార్ల యజమానుల్లో కొందరైనా రీకాల్‌కు ముందు ప్లగ్గులో, కాయిలో, బ్యాటరీయో మార్చుకుని ఉంటారనుకోవడంలో అతిశయోక్తి లేదు.

భారత్‌లో 2012 నుంచి రీకాల్ కంపెనీల స్వచ్ఛంద నియమావళిగా నడిచింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో, 2021 ఏప్రిల్ 1 నుంచి, ప్రభుత్వమే రీకాల్ ఆదేశించే అధికారం వచ్చింది. ఫిర్యాదులు అమ్మకాల్లో నిర్ణీత స్థాయి దాటాలి, వాహనం ఏడేళ్ళ లోపుది కావాలి. జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా.

నాలుగు దారులు పక్కపక్కన

పాత రెండు ప్రశ్నల పద్ధతికి ఖర్చు లేదు, రోడ్డు మీదే చేయొచ్చు. యాంత్రిక డీజిల్ బళ్ళకు, కార్బురేటర్ బైకులకు ఈనాటికీ అదే సరైనది. కంప్యూటర్ బండిలో మొదటి మెట్టుగా పనికొస్తుంది, చివరి మాటగా కాదు. స్కానర్ వర్గం కంప్యూటర్‌కు తెలిసినంత వరకే చూస్తుంది. మార్చి చూసే వర్గం యజమాని జేబుతో ప్రయోగం చేస్తుంది, ఫలించినా ఎందుకు ఫలించిందో చెప్పలేదు. రీకాల్ వర్గం చూపు అన్నిటికంటే విశాలమైనది, కాని నెమ్మదిది. రేపు పొద్దున భద్రగిరి ఆసుపత్రికి వెళ్ళాల్సిన బండికి అది సాయం కాదు.

ఈ నాలుగింటిలోనూ ఒక లోటు ఉమ్మడిగా ఉంది. అన్నీ ఎక్కువగా బండి బాగున్న సమయంలో జరిగే పరీక్షలే. ఆగిన ఆ నిమిషంలో ఏది లేకుండా పోయిందో కొలవాలి అన్నది ఐదో ఆలోచన, ఈ రచన అభిప్రాయంలో సరైనది కూడా అదే. నిపుణులు ఇందుకు ఆసిలోస్కోపు వాడతారు. ఇంధన లైనుకు గేజీ బిగించి, అద్దం మీదికి తెచ్చి టేపు వేసి నడుపుతారు. మామూలు ఇంజెక్షన్ పెట్రోలు కార్లలో సాధారణంగా 3 నుంచి 4 బార్ ఉండే పీడనం ఆగే ముందే పడిందా, ఆగాక పడిందా అన్నది చూస్తారు. లైట్లు, ఫ్యాను, ఏసీ వేసి ఇంజిన్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య మీటరు పెడితే 0.2 వోల్టు దాటితే ఎర్త్ మీద అనుమానం. కనెక్టర్లను ఒక్కొక్కటే చేత్తో ఊపి చూడటం అన్నిటికంటే చవకైనది, పట్టుదల కావాల్సినది.

ఖరీదైన పరికరాలు లేని చోట ఆ నిమిషానికి ఉన్న ఏకైక సాక్షి డ్రైవరు. అతణ్ని "ఆగింది సార్" అన్న ఒక్క ముక్కతో వదిలేయడమే ఇప్పటి పద్ధతిలో పెద్ద నష్టం. ఇంజిన్ ఆగినా గేరులో ఉన్న బండి చక్రాలు దాన్ని ఇంకా తిప్పుతుంటాయి. ఆ సమయంలో ఆర్.పి.ఎం. ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడితే క్రాంక్ సంకేతం పోయిందని గట్టి సూచన. ముల్లు బండితోపాటు మెల్లగా దిగితే సెన్సర్ బతికే ఉంది, ఇంధనం వైపు చూడాలి. డాష్‌బోర్డు మొత్తం చీకటైతే బ్యాటరీ టెర్మినల్, మెయిన్ ఎర్త్, ఇగ్నిషన్ స్విచ్. కుదుపులతో నీరసించి ఆగితే పంపు లేదా ఫిల్టరు. బ్రేకు వేసి వేగం తగ్గినప్పుడే ఆగితే మసిపట్టిన త్రాటిల్ బాడీ లేదా గాలి లీకు. వానలో మాత్రమే అయితే కాయిల్, కనెక్టర్లు. చల్లారితే తప్ప స్టార్ట్ కాకపోతే వేడికి లొంగే ఎలక్ట్రానిక్ భాగం. ట్యాంకులో ఎంతుంది, ఎక్కుడా దిగుడా అన్నవి కూడా రాసుకుంటే మెకానిక్ వెతకాల్సిన జాబితా సగానికి తగ్గుతుంది. ఇవేవీ తీర్పులు కావు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే ఆధారాలు.

ఫోన్‌కు కలిపే చవక ఓబీడీ అడాప్టర్ ఈ పనిలో కొంత తోడ్పడుతుంది. సెకనుకు కొన్నిసార్లే చదువుతుంది కాబట్టి మెరుపులా తెగే తీగను పట్టలేదు. మెల్లగా పడిపోయే పీడనాన్ని మాత్రం, దాన్ని కొలిచే సెన్సర్ ఉన్న బండిలో, బాగానే పడుతుంది.

ఇంకా తేలనివి

ఇథనాల్ మీద వాదం కొత్తది. దేశమంతా 2025లో 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలుకు మారింది. 2023 ఏప్రిల్ తర్వాతి బళ్ళను దానికి తట్టుకునే భాగాలతో చేశారు, పాతవాటి రబ్బరు, ప్లాస్టిక్ భాగాల సంగతేమిటన్నది గొడవ. ప్రభుత్వం నష్టం స్వల్పమంటోంది. పాత బళ్ళ యజమానులు ఒప్పుకోవడం లేదు. ఈ20ని సవాలు చేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది. రసాయనికంగా వివాదం లేని విషయం ఒకటుంది. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. నీరు మోతాదు మించితే రెండూ కలిసి ట్యాంకు అడుక్కు, సరిగ్గా పంపు పీల్చే చోటికి చేరతాయి. బంకు దూరమైన ఊళ్ళలో సీసాల్లో, డబ్బాల్లో నిలవుంచి అమ్మే పెట్రోలు వానాకాలంలో ఇలా మారే ప్రమాదం ఎక్కువ. దేశవ్యాప్త చర్చలో ఈ కోణం పెద్దగా వినబడదు.

రెండోది సమాచార హక్కుదారు ఎవరన్నది. కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్కులకు అందకుండా చేశారన్నది నేరం. ఆ తీర్పు అప్పీళ్ళలో పడింది. 2022 డిసెంబరు 24న కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది, వాహనాలు అందులో ఒక విభాగం. అయినా కంపెనీ స్కానర్‌లో కనిపించే వివరాలన్నీ మామూలు స్కానర్‌లో కనిపించవు. కంపెనీలు భద్రత, దొంగతనాల నివారణ పేరు చెబుతాయి. ఇమ్మొబిలైజర్ వరకు ఆ వాదనలో పస ఉంది, రెయిల్ పీడనం రికార్డు చూపించకపోవడానికి మాత్రం లేదు.

మూడోది రీకాల్ చట్టం కొండలకు ఎంతవరకు చేరుతుందన్నది. ఏజెన్సీలో తిరిగే జీపులు, వ్యాన్లు, ఆటోల్లో సెకండ్ హ్యాండువి చాలా ఉంటాయి. ఏడేళ్ళు దాటితే చట్టం కింద తప్పనిసరి రీకాల్ వర్తించదు. దారిలో ఆగి, రాయి పెట్టి, మళ్ళీ స్టార్టయిన బండి గురించి ప్రభుత్వ రీకాల్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టేవాళ్ళు అరుదు. పెట్టని ఫిర్యాదు లెక్కలోకి రాదు. రీకాల్ ప్రకటించినా ఉత్తరమో ఫోనో రికార్డులో ఉన్న యజమానికే వెళ్తుంది, పేరు మార్చకుండా చేతులు మారిన బండికి అది చేరదు. చాసిస్ నంబరు కొడితే రీకాల్ వర్తిస్తుందో లేదో చెప్పే పేజీలు కంపెనీల సైట్లలో ఉన్నాయి. ఏ గుమ్మలక్ష్మీపురం సచివాలయంలోనైనా ఆ నంబరు కొట్టి చూసిపెట్టడానికీ, ఆగిన బండి ఫిర్యాదు నమోదు చేయడానికీ కొత్త చట్టం అక్కర్లేదు. దాన్ని రవాణా శాఖ తన పనిగా తీసుకోవాలా, గిరిజనాభివృద్ధి సంస్థ తీసుకోవాలా అన్నదే తేలాలి.